కుండలో రెండు కాయలు

శనివారం పొద్దుగూకేవేళ చాప మీద భార్యతో కలిసి మోకరించి, ఆమె చెయ్యి పట్టుకుని, "రేపు కుండలో నా మిరపకాయ పడుతుంది సువార్తా, దేవుని ఎదుట చెప్తున్నా" అని జెకర్యా మాట ఇచ్చిన దగ్గర మనం ఆగాం. వాగొడ్డుపాలెం సంఘాన్ని ఒంగోలు బిషప్ గారి చేతికింద పెట్టాలా వద్దా అన్నది ఆదివారం తేలాలి. ఐదుగురు పెద్దల్లో ఇద్దరు పాస్టరు గారి వైపు. బుల్లయ్య, యేసుపాదం, జెకర్యా వద్దనే వైపు. ఈ ముగ్గురూ నిలబడితే చాలు. చాలా రోజుల తర్వాత సువార్తమ్మకి కంటినిండా నిద్ర పట్టింది.

ఆదివారం పొద్దున్నే ఆమె కల్లంలోకి వెళ్లి ఐదు మిరపకాయలు ఏరింది. సంఘ పరిచారకురాలిగా కుండ సర్దే పని ఆమెదే. తేజ రకం కాయలు, బాగా ఎండినవి, తొడిమ ఊడనివి. ఎక్కడా చిట్లకూడదు. చిట్లిన కాయ కుండకి పనికిరాదని పాతవాళ్ల కట్టుబాటు. ప్రతి కాయనీ ఎండకి ఎత్తి పట్టుకుని తిప్పి చూసి, కొంగులో వేసుకుంది. తర్వాత చేలో చివరి ఏరుడుకి మిగిలిన పత్తిలోంచి ఐదు పింజలు తీసుకుంది.

ఈ కుండ సంగతి చుట్టుపక్కల ఏ సంఘంలోనూ లేదు. సువార్తమ్మ తాతల కాలంలో, సంఘం కొత్తగా కట్టుకున్నప్పుడు, పెద్దల్ని ఎంచుకోవడానికి చీటీల మీద పేర్లు రాయమన్నాడట మిషను దొర. రాయడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. "అయ్యా, మా చేతుల్లో ఉండేవి ఇవే" అని పత్తినీ మిరపకాయనీ చూపించారట. ఆనాటి నుంచీ అదే పద్ధతి. ఒక్కొక్కరికీ ఒక పింజ, ఒక కాయ ఇస్తారు. ఒప్పుకున్నవాడు పత్తి వేస్తాడు, ఒప్పుకోనివాడు కాయ వేస్తాడు. కుండ మూతి మీద గుడ్డ కప్పి ఉంటుంది గనుక ఏం వేశాడో కనపడదు. రెండోది కనపడకుండా జేబులో దాచుకుని ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో వేస్తాడు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కుండ అయ్యాక పెద్దలు ఇత్తడి పళ్లెంలో చేతులు కడుక్కుంటారు. ఆ తర్వాతే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. సంఘంలో ఏ మాట తేలినా తేలకపోయినా, అందరూ కలిసి బల్ల దగ్గరికి రావాలని అలా పెట్టారు.

ఆ బల్ల మీదికి రొట్టె కూడా సువార్తమ్మే కాల్చింది. శనివారం మధ్యాహ్నం, కడిగిన పెనం మీద, ఉప్పు కూడా వెయ్యకుండా.

ఆరాధన అయ్యేసరికి పదిన్నర. మందిరం నిండిపోయింది. మగవాళ్లు కుడివైపు చాపల మీద, ఆడవాళ్లు ముసుగులు వేసుకుని ఎడమవైపు. బుల్లయ్యకి ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు. ఆయనకి ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

పాస్టరు సుధీర్ పాల్ వయసులో చిన్నవాడు. చెడ్డవాడని సువార్తమ్మ ఎప్పుడూ అనుకోలేదు. పోయిన వానాకాలం పక్కింటి పిల్లకి జ్వరం కాస్తే, వాగు నీళ్లలోంచి బండి తోసుకుంటూ అద్దంకి ఆస్పత్రికి తీసుకెళ్లిన మనిషి.

"ప్రియులారా," అన్నాడాయన. "ఓట్లు లోకం పద్ధతి. పౌలు గారు తీతుని క్రేతు దీవిలో ఉంచి ఊరూరా పెద్దల్ని నియమించమన్నారు. ఎన్నికలు పెట్టమనలేదు. ఆది సంఘానికి అధ్యక్షులున్నారు, అంటే బిషప్పులు. వాళ్ల చేతికింద సంఘాలు పెరిగాయి. మనకే పైన ఎవరూ లేరు. తలలేని ఒంటిలాగా ఉన్నాం."

"తల క్రీస్తు గదయ్యా," అన్నాడు బుల్లయ్య కుర్చీలోంచి. "ఇంకో తల ఎక్కడ అతికిద్దామని?"

మగవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారూ నవ్వాడు.

"తాతా, నేను చెప్పేది వేరు."

"చెప్పు, వింటన్నాం. ముందు నేనొకటి అడుగుతా. యెరూషలేములో విధవరాళ్లకి బువ్వకాడ అన్యాయం జరుగుతుందని గొడవొచ్చింది. పేతురు అక్కడే ఉన్నాడు, యోహాను అక్కడే ఉన్నాడు. ఫలానావాణ్ణి పెట్టుకోండని వేలు చూపిచ్చారా? మీలోంచి మీరే ఏడుగుర్ని ఏరుకోండి, మేం చేతులుంచి ప్రార్థన చేస్తాం అన్నారు. ప్రభువుని కళ్లారా చూసినోళ్లే జనానికి వదిలేశారు. ఒంగోలాయన వదల్డా?"

"వాళ్లు పరిచారకులు తాతా. పెద్దలూ అధ్యక్షులూ వేరు."

"వేరా? ఎఫెసు పెద్దల్ని సముద్రం ఒడ్డుకి పిలిపిచ్చుకుని పౌలు ఏమన్నాడు? మిమ్మల్ని పరిశుద్ధాత్మ అధ్యక్షులుగా పెట్టాడనలా? అప్పుడు పెద్దా వాడే, అధ్యక్షుడూ వాడే. ఒకే మనిషికి రెండు పేర్లు."

సుధీర్ పాల్ తల ఊపాడు. "నిజమే. మొదట్లో అలాగే ఉండేది. నేను చదువుకున్నదీ అదే. కానీ అపొస్తలులు ఒక్కొక్కరే కన్నుమూశాక దొంగ బోధకులు బయల్దేరారు. మందని కాయడానికి ఊరికొక్కడు గట్టిగా నిలబడాల్సి వచ్చింది. అలా వచ్చాడు బిషప్పు. అది మాత్రం దేవుని నడిపింపు కాదంటారా?"

సువార్తమ్మ ఇద్దరి మాటలూ మనసులో తూచి చూసింది. ఇద్దరూ వాక్యంలోంచే మాట్లాడుతున్నారు. తీతు నియమించిన మాట నిజం, యెరూషలేము ఎంచుకున్న మాటా నిజం. దేవుడు ఇలాగే చెయ్యండని ఒక్క తీరు రాయించి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. మనకే వదిలేశాడంటే, మన మనసులు ఎలాంటివో చూద్దామనా? ఆ ఆలోచన తప్పేమోనని లోపలే క్షమాపణ అడిగి, లేచి నిలబడింది.

"అయ్యగారూ, పిడికెడు బియ్యం సంగతి?"

ఆ ఊళ్లో ప్రతి ఇంటి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. శనివారం సువార్తమ్మ ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, పదకొండుమంది విధవరాళ్లకి పంచుతుంది.

"ఇక మీదట అది ఒంగోలు కేంద్రానికి వెళ్తుందమ్మా. అక్కడి నుంచి మళ్లీ మనకే వస్తుంది."

"ఎవరికొస్తుంది?"

"సభ్యుల పుస్తకంలో పేరున్నవాళ్లకి."

"మా జానీబీకో?"

జానీబీ మసీదు వీధిలో ఉంటుంది. భర్త చనిపోయిన ఏడాది నుంచి ఆమె గిన్నె కూడా ఆ పదకొండు గిన్నెల్లో ఉంది. విధవరాలా కాదా అని చూశారు తప్ప, ఏ వీధి అని ఆ సంఘంలో ఎవరూ అడగలేదు.

పాస్టరు గారు చేతిలోని కాయితం తిరగేశాడు. "అవన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు కుండ కానిద్దాం."

పెద్దలు ఐదుగురూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. సువార్తమ్మే పంచింది. భర్త అరచేతిలో కాయ పెడుతూ కళ్లెత్తి చూసింది. జెకర్యా చూపు కుండ మీద ఉంది. నుదురంతా చెమట. ఆయన రెండు గుప్పెళ్లూ బిగించి, కుండ దగ్గర ఒక్క క్షణం ఆగి, చెయ్యి లోపలికి పెట్టి తీశాడు.

చాప మీద తెల్లగుడ్డ పరిచి కుండ వంచారు.

మూడు పత్తి పింజలు. రెండు మిరపకాయలు. రెండూ నిండుగా, ఎర్రగా, తొడిమలతో, పొద్దున కల్లంలో ఆమె ఎలా ఏరిందో అలాగే ఉన్నాయి.

ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకెవరూ అందుకోలేదు. ముగ్గురి కాయలు పడాల్సిన చోట రెండే పడ్డాయి. జనం చూపులన్నీ ఒక్కసారే యేసుపాదం మీదికి తిరిగాయి.

"ఏరా పాదం, గురువారం పాస్టరు గారింట్లో టీ బాగుందా?" అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

"బిస్కెట్లు కూడా పెట్టుంటారు," అన్నాడు ఇంకొకడు.

యేసుపాదం గిరుక్కున తిరిగాడు. "ఒరేయ్, మా పిల్ల బాప్తిస్మం గురించి అడగటానికి పోయా! నేను కాయే వేశాను!"

"ఏం వేశావో చెప్పకూడదురా. కట్టుబాటు."

"కట్టుబాటు మీరు ఉంచితే గదా!" యేసుపాదం పక్కనున్న జెకర్యా భుజాన్ని పట్టుకున్నాడు. "బావా, నువ్వైనా చెప్పు. పొద్దున దారంతా మాట్లాడుకుంటా రాలా మనం? నా సంగతి నీకు తెలీదా?"

జెకర్యా చాప కేసి చూస్తున్నాడు. "మనిషి మనసు ఎవడికి తెలుస్తది బావా," అన్నాడు నెమ్మదిగా.

యేసుపాదం చెయ్యి ఆయన భుజం మీదినుంచి జారిపోయింది. మెల్లిగా నడిచి వెళ్లి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు.

సువార్తమ్మ కూడా ఆయన్ని కోపంగానే చూసింది. అక్కా అక్కా అని ఇంట్లో తిరిగేవాడు, ఇంత పని చేస్తాడా అనుకుంది. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆమెని బాధపెట్టింది ఆ చూపే.

ఇత్తడి పళ్లెంలో నీళ్లు పెట్టారు. పాస్టరు గారి వైపు ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. బుల్లయ్యకి ఎవరో పళ్లెం దగ్గరికి తెచ్చి పట్టుకున్నారు. యేసుపాదం కూడా లేచి వచ్చి, కడుక్కుని, మళ్లీ గుమ్మం దగ్గరికే వెళ్లాడు. జెకర్యా రాలేదు. కుడి చెయ్యి లాల్చీ జేబులో పెట్టుకుని బల్ల పక్కన నిలబడిపోయాడు. ఓడిపోయిన బాధలో మరిచిపోయుంటాడు అనుకుంది సువార్తమ్మ. పాపం అనుకుంది.

పాస్టరు గారు రొట్టె ఎత్తి ప్రార్థించాడు. ఆడవాళ్ల వైపు రొట్టె పంచడం జెకర్యా వంతు. ఎడమచేత్తో పళ్లెం పట్టుకుని, కుడిచేత్తో తుంచి, ఒక్కొక్కరి దోసిట్లో పెడుతూ వస్తున్నాడు. ముందు వరసలో ముసలమ్మ ఒకతి దగ్గింది. ఆ పక్కనామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మనసు కరిగి ఏడుస్తోందనుకుని, వెనకామె ఆమె వీపు నిమిరింది.

వరస చివర సువార్తమ్మ. భర్త చేతి రొట్టె దోసిట్లో పడింది. కాస్త పెద్ద ముక్కే. అందులో సగం తుంచి కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది.

నాలుక చివర సన్నగా చురుక్కుమంది. తర్వాత మంట పెదవులకి పాకింది. గొంతులోకి దిగింది.

ఆమె పుట్టి పెరిగింది మిరప కల్లాల్లో. ఆ ఘాటు ఏ కాయదో కళ్లు మూసుకుని చెప్పగలదు. తేజ కాయ. ఎండిన కాయ, చిట్లి గింజలు బయటపడ్డ కాయ.

కానీ పొద్దున ఆమె ఇచ్చిన ఐదు కాయల్లో చిట్లింది లేదు. కుండలో పడ్డ రెండూ చిట్లలేదు, కళ్లారా చూసింది. అంటే ఈ కాయ కుండలో పడలేదు. చెమట పట్టిన గుప్పెట్లో నలిగి, ఆ గుప్పెట్లోనే ఉండిపోయింది. పళ్లెం దగ్గరికి వస్తే నలుగురి ముందూ ఎర్రటి గింజలంటిన అరచెయ్యి విప్పాలి. అందుకే రాలేదు.

ఆయన వేసింది పత్తి.

వారం కింద ఆయన ఒంగోలు ఒప్పందం కాయితం ఇంటికి తెచ్చినప్పటి సంగతి గుర్తొచ్చింది. జెకర్యాకి చదువు అంతంతమాత్రం, ఆమే చదివి వినిపించింది. మూడో పేజీలో ఉంది, ఇప్పుడున్న పెద్దలు బతికున్నంతకాలం పెద్దలుగానే ఉంటారని. "అది ఇంకోసారి చదువు," అన్నాడాయన. చదివింది. "ఇంకోసారి." తప్పు పట్టడానికి వింటున్నాడనుకుంది. ఈ క్రిస్మస్‌కి ఆయన పెద్దరికానికి మూడేళ్ల గడువు నిండుతుంది. ఈసారి కుర్రాళ్లు కుర్రాళ్లనే ఎంచుకుంటారేమోనని ఆయన ఒకటికి రెండుసార్లు అన్న మాట అప్పుడు ఆమె చెవికి ఎక్కలేదు.

పెద్దరికం మీద ఆశపడితే పడ్డాడు. మనుషులకి ఉండేదే. కానీ ఆ చేత్తోనే ప్రభువు రొట్టె తుంచి పెట్టాడు. ఆ చేత్తోనే నిన్న తన చెయ్యి పట్టుకున్నాడు.

పాస్టరు గారు ద్రాక్షరసం గిన్నె మీది తెల్లగుడ్డ తీశాడు. ఎత్తేముందు, ప్రతి నెలా అడిగే మాట అడిగాడు. "ఎవరికైనా ఎవరిమీదైనా విరోధం ఉంటే ఇప్పుడే చెప్పండి."

సువార్తమ్మ చిన్నప్పటి నుంచీ వింటోంది ఆ మాట. ఎవరూ లేవరు. పాస్టరు గారు కూడా ఎవరైనా లేస్తారని ఆగడు. ఆయన చేతులు అప్పటికే గిన్నెని పట్టుకున్నాయి.

ఆమె లేచింది.

"ఉంది అయ్యగారూ."

మందిరమంతా కదిలింది. పాస్టరు గారు గిన్నె వదిలాడు. "ఎవరిమీదమ్మా?"

ఎలా చెప్పాలి? ముప్పై ఏళ్ల కాపురం. నోరు ఇంకా మండుతూనే ఉంది. దోసిట్లో మిగిలిన సగం ముక్క ముందుకి చాపింది.

"ముందు ఈ రొట్టె మీరు తినండి. తర్వాత చెప్తాను."

సుధీర్ పాల్ ఒకడుగు వేశాడు. రొట్టె కేసి చూశాడు, దానికి అక్కడక్కడ అంటుకున్న ఎర్రటి నలుసుల కేసి చూశాడు. జెకర్యా కేసి చూశాడు. చాచబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నాకియ్యి అమ్మాయ్," అన్నాడు బుల్లయ్య.

ఆమె వెళ్లి ఆయన అరచేతిలో పెట్టింది. మిగిలిన నాలుగు పళ్లతో ఆయన నిదానంగా నమిలాడు. ముడతల్లోంచి కన్నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

"రొట్టె నువ్వే కాల్చావు గదమ్మా?"

"నేనే పెదనాన్నా."

"మిరప వేశావా?"

"ఉప్పు కూడా వెయ్యలా."

బుల్లయ్య జెకర్యా కేసి తిరగలేదు. గుమ్మం కేసి చూశాడు. "నాయనా యేసుపాదం, ఆ చెప్పుల కాడినుంచి లే. కుండ నువ్వే పట్రా."

"తాతా, కుండ అయిపోయింది," అన్నాడు పాస్టరు గారు.

"గిన్నె ఎత్తావా?"

"లేదు."

"మరైతే ఏదీ అయిపోలా. గిన్నె ఎత్తిందాకా ఎవరైనా తప్పు దిద్దుకోవచ్చు. మా నాయన చెప్పింది ఇదే. నువ్వు అడిగే ఆ మాట ఊరికే అడగటానికి పెట్టలా."

యేసుపాదం కుండ తెచ్చాడు. తెచ్చి జెకర్యా ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం లేదు. "వెయ్యి బావా," అన్నాడు. "జేబులోది ఇందులో వెయ్యి. నేనేమీ అనుకోను."

జెకర్యా రొట్టె పళ్లెం బల్ల మీద పెట్టాడు. చెయ్యి జేబులోకి పోయింది. నలిగిన కాయ, గింజలు అరచేతికి అంటుకుని బయటికొచ్చింది. కుండ మూతి దాకా వచ్చి ఆగింది.

"ఇప్పుడు వేసీ లాభం లేదు మామా," అన్నాడు బుల్లయ్యతో. "ఆ కాయితం మీద పాస్టరు గారి వైపు ఇద్దరూ, నేనూ ముందే సంతకాలు పెట్టాం. ఒంగోలు వెళ్లిపోయింది. ఇయ్యాల కుండ ఊరికే పెట్టారు, జనం కోసం."

పాస్టరు గారు కళ్లు మూసుకున్నాడు.

"ముందే అంటే? ఎప్పుడు పెట్టారండీ?" అని అడిగింది సువార్తమ్మ.

జెకర్యా ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"శుక్రవారం," అన్నాడు.

చాప మీద ఆయన ఆమె పక్కన మోకరించింది శనివారం.